అమెరికాలో ఇల్లు కొంటున్నాం, ఈసీ ఎక్కడ తీయాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఇన్నాళ్లూ అద్దె ఇంట్లోనే ఉన్నాం, ఇప్పుడు ఒక రీసేల్ ఇంటికి కాంట్రాక్ట్ రాసుకున్నాం. అమ్మేవాళ్లూ తెలుగువాళ్లే, 2016లో కొన్నారట, ఇప్పుడు ఇండియా వెళ్లిపోతున్నారు. గుంటూరు నుంచి మా నాన్న రోజూ ఫోన్ చేసి ఈసీ తీయించారా, లింక్ డాక్యుమెంట్లు చూశారా అని అడుగుతున్నారు. మా రియల్టర్‌ని అడిగితే టైటిల్ కంపెనీ చూసుకుంటుంది, మీకెందుకు టెన్షన్ అంటాడు. నేనే ఆన్‌లైన్‌లో వెతికితే ఓనర్ పేరు దగ్గర భర్త పేరు ఒక్కటే కనిపించింది, కాంట్రాక్ట్ మీద మాత్రం ఇద్దరూ సంతకం పెట్టారు. ఎంతకు కొన్నారో ఎక్కడా లేదు. ఇంకో సైట్ నలభై డాలర్లు కడితే పూర్తి రిపోర్ట్ ఇస్తానంటోంది. కట్టనా? ఈ రికార్డులు మనంతట మనం చూసుకోవచ్చా? ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు కూడా ఉన్నాయి, వాటి సంగతేమైనా చూడాలా?

సమాధానం: ముందు ఆ నలభై డాలర్లు కట్టకండి. ఆ సైట్లు అమ్మేది కౌంటీ ఆఫీసుల్లో ఎవరైనా చూసుకోగలిగిన సమాచారాన్నే, అదీ చాలాసార్లు పాతబడిపోయింది. మీ నాన్నగారు అడుగుతున్నది సరైన ప్రశ్నే. రియల్టర్ చెప్పింది కూడా అబద్ధం కాదు కానీ సగం మాటే చెప్పాడు. టైటిల్ కంపెనీ, అంటే ఇంటి హక్కు కాగితాలు పరిశీలించి వాటికి ఇన్సూరెన్స్ ఇచ్చే సంస్థ, చూస్తుంది, చూసి ఏం దొరికిందో ఒక కాగితం మీద రాసి మీకు పంపుతుంది, దాన్ని చదవాల్సింది మీరే. చదవడానికి గడువు కూడా ఉంటుంది, ఆ సంగతి కింద చెప్తాను.

మీరు చూసింది బహుశా అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్ అయి ఉంటుంది. చాలామంది దాన్నే కౌంటీ రికార్డు అనుకుంటారు. టెక్సాస్‌లో ఇంటికి సంబంధించి మూడు ఆఫీసులున్నాయి, మూడింటికీ పనులు వేరు. అప్రైజల్ డిస్ట్రిక్ట్ పన్ను కోసం ఇంటి విలువ కడుతుంది, ట్యాక్స్ ఆఫీసు ఆ పన్ను వసూలు చేస్తుంది, దస్తావేజులు రికార్డు చేసి దాచేది మాత్రం కౌంటీ క్లర్క్. మన దగ్గర ఇంటి పన్ను రసీదు మీద పేరున్నంత మాత్రాన యజమాని అయిపోరు కదా, ఇక్కడా అంతే. అప్రైజల్ సైట్‌లో పేరు మారడానికి కొన్నిసార్లు వారాలు పడుతుంది, తప్పులూ దొర్లుతాయి. అలాగని దాన్ని మూసేయకండి. అందులో డీడ్ హిస్టరీ అని ఒక చిన్న పట్టిక ఉంటుంది, ఇల్లు ఏ తేదీన ఎవరి నుంచి ఎవరికి పోయిందో, ఆ దస్తావేజు నంబరెంతో అక్కడ దొరుకుతుంది. ఆ నంబరు, దాంతోపాటు లీగల్ డిస్క్రిప్షన్ అని ఉండే సబ్‌డివిజన్ పేరు, బ్లాకు, లాటు నంబర్లు రాసిపెట్టుకోండి. మీకు కావాల్సిన తాళంచెవి అదే.

ఇంకో మాట, ఏ కౌంటీయో ముందు తేల్చుకోండి. ఫ్రిస్కో రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది, తూర్పు వైపు కాలిన్, పడమటి వైపు డెంటన్. అడ్రసులో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన ఏ కౌంటీయో తెలియదు. టెక్సాస్‌లో మొత్తం 254 కౌంటీలున్నాయి, ఎవరి క్లర్కు వాళ్లకే. కాలిన్ కౌంటీ ఆఫీసు మెకినీలో, డెంటన్‌ది డెంటన్ ఊళ్లోనే. తప్పు కౌంటీలో వెతికి ఏమీ దొరకలేదు, ఇల్లు క్లియర్‌గా ఉంది అని సంబరపడిపోయేవాళ్లు ఉంటారు, అందుకే చెప్తున్నా.

ఇప్పుడు కౌంటీ క్లర్క్ సైట్‌కి వెళ్లి అఫీషియల్ పబ్లిక్ రికార్డ్స్ అని ఉన్నచోట ఆ దస్తావేజు నంబరు కొట్టండి. చాలా కౌంటీల్లో పేజీలు స్క్రీన్ మీద ఉచితంగానే కనిపిస్తాయి, పైన అడ్డంగా వాటర్‌మార్క్ ఉంటుంది, అంతే. కాపీ కావాలంటే మామూలుది పేజీకి ఒక డాలరు, సర్టిఫైడ్ కావాలంటే దాని మీద ఇంకో ఐదు డాలర్లు. ఆఫీసుకు వెళ్తే పబ్లిక్ కంప్యూటర్లు ఉంటాయి, ఎవరివి చూస్తున్నారు, ఎందుకు చూస్తున్నారు అని అడగరు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అలవాటున్నవాళ్లకు ఇది కాస్త వింతగా ఉంటుంది.

మన ఈసీని సర్వే నంబరు, ఇంటి నంబరు ఇచ్చి తీస్తారు. ఇక్కడ వెతుకులాట ఎక్కువగా పేర్ల మీద నడుస్తుంది. హక్కు ఇచ్చేవారు గ్రాంటర్, పుచ్చుకునేవారు గ్రాంటీ. మీ సెల్లర్ ఇల్లు కొన్నప్పుడు గ్రాంటీ, అదే రోజు బ్యాంకుకి ఇల్లు తాకట్టు పెట్టినప్పుడు గ్రాంటర్. కాబట్టి ఆయన పేరు రెండు వైపులా వెతకాలి, ఒకవైపే వెతికితే సగం కాగితాలు బయటికి రావు.

అసలు చిక్కు మన పేర్లతో వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గివెన్ నేమ్‌లోకి, అసలు పేరు సర్‌నేమ్‌లోకి పడిపోయినవాళ్లు మనలో ఎంతమందో. వెంకట లక్ష్మీ నరసింహారావు అనే మనిషి ఒక కాగితంలో ఆర్ అక్షరం కింద రావు అయి కూర్చుంటాడు, ఇంకో కాగితంలో నరసింహారావు అంతా కలిసిపోయి ఎన్ కింద ఉంటాడు, మూడోదానిలో ఇంటిపేరు కింద చేరతాడు. పాస్‌పోర్టులో పేరు ఒకే ముక్కగా ఉన్నవాళ్లకైతే ముందు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని తగిలిస్తారు. పేరును తిప్పి, విడగొట్టి, కలిపి, లక్ష్మిలో హెచ్ ఉన్నట్టు లేనట్టు, అన్ని రకాలుగా కొట్టి చూడండి. పేరుతో విసిగిపోతే సబ్‌డివిజన్, లాటు, బ్లాకుతో వెతకండి, ఆ సదుపాయం కూడా చాలా కౌంటీ సైట్లలో ఉంటుంది. నన్నడిగితే రెండూ చేయాలి.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. ఎవరో రెడ్డిగారి మీదో కుమార్‌గారి మీదో కోర్టు తీర్పు, అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ జడ్జిమెంట్, రికార్డయి ఉంటుంది, మీ సెల్లర్ పేరూ అదే అయితే ఫలితాల్లో అదీ వస్తుంది. చూసి కంగారు పడకండి. ఆ మనిషి ఈయన కాదని టైటిల్ కంపెనీ అఫిడవిట్ రాయించుకుని తేల్చుకుంటుంది. ఏది ఎవరిదో మనం ఊహించక్కర్లేదు, నంబరు రాసుకుని అడిగితే చాలు.

దస్తావేజు తెరిచాక పైన పెద్ద అక్షరాల్లో ఒక నోటీసు ఉంటుంది, సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు నంబరు కొట్టేసుకోవచ్చు అని, అది టెక్సాస్‌లో రివాజు మాట. తర్వాత పది డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం ఇచ్చి కొన్నారు అని ఉంటుంది. మీకు ధర కనపడకపోవడానికి కారణం ఇదే. టెక్సాస్‌లో అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పాలన్న చట్టం లేదు, మన దగ్గరలా విలువ మీద స్టాంపు డ్యూటీ కట్టేదీ లేదు, కాబట్టి దస్తావేజులో అసలు ధర రాయాల్సిన పనే పడదు. ఉజ్జాయింపు కావాలంటే అదే రోజు రికార్డయిన డీడ్ ఆఫ్ ట్రస్ట్, అంటే ఇల్లు బ్యాంకుకి తాకట్టు పెట్టిన కాగితం, తెరవండి, బ్యాంకు ఎంత అప్పిచ్చిందో అందులో ఉంటుంది, అక్కడి నుంచి మీరే లెక్క వేసుకోవచ్చు.

అమ్మకం దస్తావేజులో వెండర్స్ లీన్ (లీన్ అంటే బాకీ తీరేదాకా ఇంటి మీద ఉండే హక్కు) అన్న మాట కనిపిస్తే గుండె జారుతుంది, అమ్మినవాడికి ఇంకా హక్కుందేమో అని. లోన్‌తో కొన్న ఇళ్ల డీడ్‌లలో టెక్సాస్‌లో అది మామూలే, ఆ హక్కును అక్కడికక్కడే బ్యాంకుకి రాసిచ్చేస్తారు. మీరూ లోన్ తీసుకుంటే మీ డీడ్‌లోనూ రేపు అదే ఉంటుంది.

ఇక మీ నాన్నగారి ప్రశ్నకు అసలు జవాబు. డీడ్‌లన్నీ వరసగా పెట్టుకోండి, బిల్డర్ నుంచి మొదటి యజమానికి, ఆయన నుంచి తర్వాతవారికి, చివరికి మీ సెల్లర్ దాకా. ఒకరు గ్రాంటీగా ఉన్న కాగితం తర్వాతి కాగితంలో ఆయనే గ్రాంటర్‌గా ఉండాలి. ఇవే మీ లింక్ డాక్యుమెంట్లు. మధ్యలో ఎవరైనా చనిపోయి ఉంటే ప్రొబేట్ (వీలునామా, వారసత్వ కోర్టు) ఫైలో, వారసత్వ అఫిడవిట్టో ఉండాలి. విడాకులైతే ఆ ఫైలు కౌంటీ క్లర్క్ దగ్గర కాదు, డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటుంది. ఎక్కడైనా క్విట్‌క్లెయిమ్ డీడ్ కనిపిస్తే మాత్రం ఆగండి. నాకేదైనా హక్కుంటే వదులుకుంటున్నాను అనడమే అది, నాకు హక్కుంది అని ఒప్పుకోవడం కాదు.

తర్వాత అప్పుల కాగితాలు. ప్రతి డీడ్ ఆఫ్ ట్రస్ట్‌కీ తర్వాత తేదీతో ఒక రిలీజ్ ఆఫ్ లీన్, అంటే ఆ అప్పు తీరిందనే కాగితం, ఉండాలి. వడ్డీలు బాగా పడిపోయిన 2020, 2021లో అందరూ రీఫైనాన్స్ చేశారు కాబట్టి 2016లో కొన్న ఇంటి మీద రెండో మూడో డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. జతలు కట్టుకుంటూ పోండి. సెల్లర్ లోన్ ఇంకా నడుస్తుంటే చివరిదానికి జత ఉండదు, క్లోజింగ్ రోజు, అంటే డబ్బు కట్టి ఇల్లు రాయించుకునే రోజు, మీరు తెచ్చిన డబ్బులోంచే టైటిల్ కంపెనీ దాన్ని తీర్చేస్తుంది. మధ్యలోదేదైనా జత లేకుండా ఉంటే అది అడగాల్సిన విషయం. బ్యాంకు పేరు బదులు మెర్స్ అని ఉంటే అదేదో మూడో పార్టీ అనుకోకండి, లోన్లు చేతులు మారినా ప్రతిసారీ కౌంటీలో కాగితం మార్చకుండా బ్యాంకుల తరఫున నామినీగా ఉండే సంస్థ అది. ఈరోజు సెల్లర్ ఈఎంఐ కడుతున్న కంపెనీ పేరుతో వెతికితే ఏమీ దొరకకపోవడానికి చాలాసార్లు కారణం అదే.

భర్త పేరు ఒక్కటే ఉండటం గురించి. టెక్సాస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం, పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి పేరు ఎవరిదైనా ఇద్దరిదీ అని చట్టం మొదట భావిస్తుంది. పైగా అది వాళ్లు కాపురం ఉంటున్న ఇల్లు, అంటే హోమ్‌స్టెడ్. ఒకవేళ ఆయన పెళ్లికి ముందే కొన్నా సరే, హోమ్‌స్టెడ్ అమ్మాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. కాబట్టి కాంట్రాక్ట్ మీద ఇద్దరూ సంతకం పెట్టడం మంచిదే, మీరు చూడాల్సింది రేపు డీడ్ మీద కూడా ఆవిడ సంతకం ఉండేలా. ఇండియా వెళ్లిపోతున్నారన్నారు కదా, వాళ్లలో ఒకరు ముందే విమానం ఎక్కేస్తే పవర్ ఆఫ్ అటార్నీ కావాల్సి వస్తుంది. అది కూడా కౌంటీలో రికార్డవ్వాలి, దానికన్నా ముందు టైటిల్ కంపెనీ దాని నమూనా ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లో తెలిసిన లాయర్ దగ్గర ఏదో రాయించి కొరియర్‌లో పంపితే సరిపోతుందనుకుని క్లోజింగ్ తేదీ దాటిపోయాక తలలు పట్టుకునేవాళ్లు ఉంటారు. ఈ మాట ఇవాళే అడగండి.

సోలార్ సంగతి బాగా అడిగారు, చాలామంది అడగరు. ప్యానెళ్లు పూర్తిగా డబ్బు కట్టి కొన్నవా, లోన్ మీదవా, లీజా? లోనో లీజో అయితే కంపెనీవాళ్లు యూసీసీ ఫిక్స్చర్ ఫైలింగ్ అని, ఆ ప్యానెళ్ల మీద తమకు హక్కుందని చెప్పే ఒక కాగితం కౌంటీ రికార్డులో వేస్తారు, సెల్లర్ పేరు మీద వెతికితే కనపడుతుంది. అది మామూలుగా ఐదేళ్లు చెల్లుతుంది, పొడిగించుకుంటే ఇంకా నడుస్తుంది. కనపడలేదు కాబట్టి అప్పు లేదనుకోవద్దు, గడువు తీరిన ఫైలింగ్ వెనక నడుస్తున్న లీజు ఉండొచ్చు. అసలు కాంట్రాక్ట్ కాపీ సెల్లర్‌ని అడిగి తీసుకుని, క్లోజింగ్‌లో తీర్చేస్తారా, లేక మీ మీదికి మారుస్తారా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. ఇరవై పాతికేళ్ల లీజు మీ నెత్తిన పడితే ఇంటి ధరలో బేరమాడి తగ్గించుకున్నదంతా అందులో పోతుంది.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనల పుస్తకం కూడా అక్కడే రికార్డయి ఉంటుంది, సబ్‌డివిజన్ పేరుతో వెతకండి. పొడుగ్గా ఉంటుంది, విసుగొస్తుంది. ముందు ముందు ఇల్లు అద్దెకిచ్చే ఆలోచన ఉంటే లీజింగ్ అన్న భాగం ఒక్కటైనా చదవండి. హెచ్‌ఓఏ బాకీలకు వేసిన లీన్లు, పని చేయించుకుని డబ్బివ్వకపోతే కాంట్రాక్టర్ వేసే మెకానిక్స్ లీన్, ఇంటి మీద దావా ఉందని చెప్పే లిస్ పెండెన్స్, ఇవన్నీ పేరు వెతుకులాటలోనే బయటపడతాయి.

ఇంత చేశాక టైటిల్ కంపెనీ దండగ అనిపించవచ్చు. కాదు. కౌంటీ క్లర్క్ దస్తావేజును రికార్డు చేస్తారే తప్ప అమ్మినవాడికి నిజంగా హక్కుందా అని విచారించరు, నోటరీ ఉందా, ఫీజు కట్టారా, ఇలాంటివి చూసి తీసుకుంటారు. మన దగ్గరలా ఇద్దరు పార్టీలూ సాక్షులతో వెళ్లి వేలిముద్రలు వేసి ఫొటోలు దిగడం ఉండదు. దొంగ సంతకాన్ని మీరూ నేనూ స్క్రీన్ మీద పట్టుకోలేం, ఫెడరల్ కోర్టులో ఉన్న దివాలా కేసు కౌంటీ సైట్‌లో కనపడకపోవచ్చు. ఆ రిస్కు కోసమే టైటిల్ ఇన్సూరెన్స్. టెక్సాస్‌లో దాని ప్రీమియం రేటు రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ నిర్ణయిస్తుంది, ఏ కంపెనీకి వెళ్లినా రేటు అదే, కాబట్టి చవగ్గా ఇస్తామనేవాళ్ల కోసం తిరగక్కర్లేదు. ఒకటి మాత్రం చూసుకోండి. బ్యాంకు అడిగే లెండర్స్ పాలసీ బ్యాంకునే కాపాడుతుంది, మీకు కావాల్సింది ఓనర్స్ పాలసీ.

మొదట్లో చెప్పిన కాగితం పేరు టైటిల్ కమిట్‌మెంట్. టెక్సాస్ ప్రామాణిక రీసేల్ కాంట్రాక్ట్ ప్రకారం, కాంట్రాక్ట్ కాపీ చేతికందిన 20 రోజుల్లో టైటిల్ కంపెనీ దాన్ని మీకు పంపాలి. అందులో అభ్యంతరాలు చెప్పడానికి మీకెన్ని రోజులో మీ కాంట్రాక్ట్‌లో ఆరో పేరాలో ఒక ఖాళీలో అంకె రాసి ఉంటుంది, ఇప్పుడే తీసి చూడండి. ఆ గడువు దాటితే అభ్యంతరం వదులుకున్నట్టే, షెడ్యూల్ సి విషయాల్లో తప్ప. కమిట్‌మెంట్‌లో నాలుగు షెడ్యూళ్లుంటాయి. ఎ లో యజమాని పేరు మీరు చూసిన డీడ్‌తో సరిపోవాలి. బి లో ఉన్నవన్నీ పాలసీ కాపాడనివి, అందరూ దాటేసే పేజీ అదే, మీరు నిలబడి చదవాల్సిందీ అదే. చాలా లైన్లకు ఒక రికార్డు నంబరు ఉంటుంది, ఆ నంబరు పట్టుకుని కౌంటీ సైట్‌లో తెరిచి చూడండి. పెరట్లో పది అడుగుల మేర కరెంటు వాళ్లకో డ్రైనేజీకో ఈజ్‌మెంట్, అంటే ఆ స్థలాన్ని వాడుకునే హక్కు, ఉంటే మీరు కట్టాలనుకుంటున్న స్విమ్మింగ్ పూల్ సంగతి అక్కడే తేలిపోతుంది. సి లో క్లోజింగ్ లోపల తీరాల్సినవి ఉంటాయి, సెల్లర్ లోన్ అక్కడ ఉండాలి, సోలార్ ఫైలింగ్ ఉంటే అదీ అక్కడ కనపడాలి. మీ జాబితాలో ఉండి వాళ్ల జాబితాలో లేనిది ఏదైనా ఉంటే రికార్డు నంబరుతో సహా టైటిల్ కంపెనీలో మీ క్లోజింగ్ చూసే ఎస్క్రో ఆఫీసర్‌కి ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.

వేరే రాష్ట్రాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు రెండు ముక్కలు. ఆఫీసు పేరు రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. నార్త్ కరొలైనాలో రిజిస్టర్ ఆఫ్ డీడ్స్, కాలిఫోర్నియాలో కౌంటీ రికార్డర్, వర్జీనియాలో సర్క్యూట్ కోర్టు క్లర్క్, జార్జియాలో సుపీరియర్ కోర్టు క్లర్క్. కనెక్టికట్‌లో ఈ రికార్డులు అసలు కౌంటీలో ఉండవు, టౌన్ క్లర్క్ దగ్గర ఉంటాయి. పైన చెప్పిన భార్యాభర్తల సంతకాల రూలు, ధర కనపడకపోవడం టెక్సాస్‌వి, మీ దగ్గర వేరేగా ఉండొచ్చు.

మళ్లీ మీ విషయానికి. క్లోజింగ్ అయ్యాక డీడ్‌ను టైటిల్ కంపెనీయే రికార్డు చేయిస్తుంది. ఆ తర్వాత కొన్ని వారాల్లో ప్రభుత్వ కాగితంలా కనపడే ఉత్తరం ఒకటి వస్తుంది, మీ డీడ్ సర్టిఫైడ్ కాపీ కావాలంటే వంద డాలర్ల దాకా పంపండి అని. చించేయండి, అదే కాపీ క్లర్క్ ఆఫీసులో ఎంతకొస్తుందో పైన చెప్పాను. హోమ్‌స్టెడ్ పన్ను మినహాయింపుకు అప్లై చేసి పెడతాం, ఫీజు ఇవ్వండి అంటూ ఇంకో ఉత్తరం రావచ్చు, దానికీ డబ్బు కట్టక్కర్లేదు, అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి మీరే ఉచితంగా అప్లై చేసుకోవచ్చు, డ్రైవింగ్ లైసెన్సు మీద అడ్రసు మాత్రం ముందు మార్చుకోండి. మీ పేరు మీద ఏ కాగితం రికార్డయినా ఈమెయిల్ పంపే ఫ్రాడ్ అలర్ట్ చాలా కౌంటీల్లో ఉచితంగా ఉంది, మీ కౌంటీలో ఉంటే అందులో మీ పేరూ మీవారి పేరూ డీడ్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో ఒకసారి, ఇంటిపేరు ముందుకు తెచ్చి ఇంకోసారి నమోదు చేయండి.